కార్బన్ నానోట్యూబ్ ఒకటి లోహంలా, ఇంకొకటి సెమీకండక్టర్‌లా ఎందుకు పనిచేస్తుంది?

గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందమున్న కార్బన్) పొర ఏ కోణంలో గొట్టంగా చుట్టుకుందన్నదే దాన్ని తేలుస్తుంది. పుట్టపాక తేలియా రుమాలును నిటారుగా చుడితే అంచుల దగ్గర గళ్లు ఒక తీరుగా కలుస్తాయి, ఏటవాలుగా చుడితే ఇంకో తీరుగా. గొట్టం చుట్టూ ఎలక్ట్రాన్ తరంగాలు ఎలా ఇముడుతాయన్నది ఆ కలయికను బట్టే ఉంటుంది. చుట్టిన తీరును రెండు అంకెలతో చెప్తారు. వాటి తేడా 3తో భాగమైతే లోహం (అంకెలు సమానం కాకుంటే ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల మధ్య చిన్న గ్యాప్ మిగులుతుంది), లేకుంటే సెమీకండక్టర్. ఉదాహరణకు (10,10) లోహం. (13,0) సెమీకండక్టర్, వ్యాసం సుమారు 1 నానోమీటరు.

డోపింగ్‌తో (కొద్దిగా వేరే పదార్థం చేర్చడంతో) లోహపు గొట్టాన్ని సెమీకండక్టర్‌గా మార్చొచ్చని చాలామంది అనుకుంటారు. మారదు. డోపింగ్‌తో పీ-టైపా (కరెంటును ఎలక్ట్రాన్ల ఖాళీలు మోసేదా), ఎన్-టైపా (ఎలక్ట్రాన్లు మోసేదా) అన్నదే మారుతుంది. మామూలుగా పెంచిన గొట్టాల్లో మూడో వంతు లోహమే. అలాంటిది ఒక్కటి ట్రాన్సిస్టర్‌లో సోర్స్, డ్రెయిన్‌లను (కరెంటు వచ్చే, పోయే కొనలను) కలిపినా, గేటుకు (ఆన్-ఆఫ్ చేసే కొనకు) ఎంత వోల్టేజీ ఇచ్చినా అది పూర్తిగా ఆఫ్ కాదు. అందుకే సెమీకండక్టర్ గొట్టాలనే ఎంచి చుట్టుకునే పాలిమర్‌తో, ద్రావణంలో ఉండగానే వేరుచేస్తుంటారు.