గుండెలోకి 2 వేల వోల్టులా? నాన్న ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 ఉంది. రెండేళ్లుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు). మందులు మార్చి మార్చి వాడినా నెలకు నాలుగైదుసార్లు గుండె దడదడలాడి నీరసపడిపోతున్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే అబ్లేషన్ (గుండెలో లయ తప్పించే చోట కణాలను చంపే చికిత్స) చేయించుకోమన్నారు. వేడితో చేసే పాత పద్ధతి ఒకటి, కరెంటు పల్స్‌లతో చేసే కొత్తది ఒకటి ఉన్నాయని, కొత్తదానికి ఖర్చు బాగా ఎక్కువని చెప్పారు. అందులో 2 వేల వోల్టుల దాకా వాడి గుండె కణాలకు చిల్లులు పొడుస్తారని వినగానే నాన్న లేచి వచ్చేశారు. ‘ఇంట్లో 230కే మనుషులు పోతున్నారు కదరా’ అంటున్నారు. ఇంక ఏమీ వద్దంటూ రక్తం పలచబరిచే మాత్ర కూడా మూడు వారాలుగా మానేశారు. మా ఇంటి వెనక హైటెన్షన్ లైను ఉంది, దానివల్లే ఇదంతా వచ్చిందని బాబాయి గొడవ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: ముందు ఆ మాత్ర సంగతి చూడండి. వోల్టుల గురించి నిదానంగా మాట్లాడుకోవచ్చు, కానీ మాత్ర కోసం ఇవాళే మీ కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి, మూడు వారాలుగా మానేశారని దాచకుండా చెప్పండి. ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. ఎడమ పై గదికి ఒక చిన్న సంచిలాంటి భాగం అతుక్కుని ఉంటుంది, రక్తం అందులో నిలిచిపోయి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళ్లిందంటే పక్షవాతమే. మామూలువాళ్లతో పోలిస్తే ఈ ముప్పు దాదాపు ఐదు రెట్లు. మీ నాన్నగారికి 65 దాటాయి, బీపీ, షుగర్ కూడా ఉన్నాయి కాబట్టి అబ్లేషన్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఆ మాత్ర కావాల్సిందే. మానేసిన రోజులకు సరిపెట్టాలని రెండేసి మాత్రలు మాత్రం వేయకండి. గుండెలో ఇప్పటికే గడ్డ ఉందేమో చూడటానికి గొంతులోంచి గొట్టం వేసి చేసే ఎకో పరీక్ష అవసరమా అన్నది వాళ్లే చెబుతారు.

ఇక నాన్నగారి ప్రశ్న. దీన్ని నవ్వి కొట్టిపారేయకండి, నేను నా పేషెంట్ల దగ్గర వారానికి ఒకసారైనా వినే ప్రశ్నే. ఇంట్లో షాక్ కొట్టినప్పుడు కరెంటు చేతిలోంచి కాళ్లలోకి, మధ్యలో గుండె మీదుగా, వదిలించుకునేదాకా పారుతూనే ఉంటుంది. అబ్లేషన్‌లో ఒక్కో పల్స్ మైక్రోసెకన్లలో అయిపోతుంది, అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కలంత సేపు. అదీ క్యాథెటర్ (గుండెలోకి పంపే సన్నని గొట్టం) కొనమీద పక్కపక్కనే ఉన్న ఎలక్ట్రోడ్ల (కరెంటు వదిలే లోహపు ముక్కల) మధ్యే ఎక్కువగా తిరుగుతుంది. చలికాలంలో సింథటిక్ దుప్పటి లాగితే చిటపటమంటుందే, ఆ మెరుపులోనూ వేల వోల్టులే ఉంటాయి, దానికి ఎవరూ పోలేదు. వోల్టు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎంతసేపు, ఎంత దూరం మధ్య, ఎటు నుంచి ఎటు అన్నవి చూడాలి.

చిల్లుల విషయానికొస్తే, అది నిజమే, మీ డాక్టరుగారు ఉన్నమాటే చెప్పారు. కాకపోతే ఇంకాస్త విడమరిచి చెప్పాల్సింది. కణం చుట్టూ ఉండే పొర మందం సుమారు 5 నానోమీటర్లు. మామూలు కాగితం దానికి 20 వేల రెట్లు మందం. ఇంత పల్చటి పొరకు లోపలివైపు, బయటివైపు మధ్య ఎప్పుడూ 80–90 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. చూడ్డానికి ఇది పెన్సిల్ సెల్‌లో పదహారో వంతు కూడా ఉండదు, కానీ పొర మందంతో భాగించి చూడండి, మీటరుకు కోటిన్నర వోల్టుల పైమాటే! గాలి అయితే మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక నిప్పురవ్వ పుట్టిస్తుంది. అంటే గుండెలోని ప్రతి కణమూ పుట్టినప్పటి నుంచీ కరెంటు బరువు మోస్తూనే ఉంది, మనం కొత్తగా తెచ్చిపెట్టేదేమీ లేదు.

బయట నుంచి పల్స్ ఇచ్చినప్పుడు కణం లోపలా వెలుపలా ఉన్న అయాన్లు (విద్యుదావేశం ఉన్న ఉప్పు రేణువులు) అటూ ఇటూ చేరి, ఎలక్ట్రోడ్ల వైపున్న రెండు కొసల్లోనూ పొర మీద ఒత్తిడి పెంచుతాయి. ఆ తేడా ఒక వోల్టు దరిదాపుకు వచ్చేసరికి పొరలో నీటి రంధ్రాలు తెరుచుకుంటాయి. పల్స్ తక్కువ తీవ్రతతో ఉంటే అవి కాసేపటికి మూసుకుపోయి కణం ఏమీ ఎరగనట్టు బతికేస్తుంది. 1982లో జర్మనీలో నాయ్‌మన్ బృందం ఎలుక కణాల్లోకి జన్యువులను పంపింది ఈ దారినే, ఇప్పుడు కొన్ని క్యాన్సర్ మందులను కణంలోకి దూర్చడానికీ వాడుతున్నారు. తీవ్రత పెంచితే ఆ రంధ్రాలు మూసుకోవు, కాల్షియం లోపలికి దూరిపోతుంది, కణం దగ్గరున్న శక్తి అంతా కారిపోయి గంటల్లో చచ్చిపోతుంది. మాకు కావాల్సింది ఈ రెండోదే. ఎందుకంటే లయ తప్పించే అల్లరి స్పందనల్లో చాలావరకు ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి వచ్చే సిరల మొదళ్లలో పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు చూపించారు. ఆ సిరల చుట్టూ చచ్చిన కణాలతో గట్టు కట్టేస్తే అల్లరి గదిలోకి రాదు.

వేడితోనూ ఆ గట్టే కడతాం. కానీ పెనం మీద అట్టు వేస్తే అంచులు మాడినట్టు, వేడి గీసిన గీత దగ్గరే ఆగదు. ఎడమ పై గది వెనక కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే అన్నవాహిక ఉంటుంది. వేడి అక్కడిదాకా వెళ్లి పుండు పడి, గుండెకూ అన్నవాహికకూ మధ్య దారి పడటం చాలా అరుదు, కానీ పడితే ప్రాణాంతకం. ఇక్కడే పల్స్‌లకు ఒక సుగుణం ఉంది: ఏ కణం ఎంత ఫీల్డుకు (ఇంత దూరానికి ఇన్ని వోల్టులు అనే లెక్కకు) లొంగుతుందో దానికి దాని లెక్క. పరిశోధకులు తరచూ ఉదహరించే అంకెలైతే గుండె కండరానికి సెంటీమీటరుకు 400 వోల్టులు, ఎర్ర రక్తకణానికి 1,600, నరానికి 3,800. పల్స్ తీరును బట్టి ఇవి మారతాయి, కానీ తేడా మాత్రం పెద్దదే. గుండె కండరం అందరికంటే ముందు లొంగిపోతుంది, పక్కవాళ్లు నిలబడతారు. పైగా కణాలు చచ్చినా వాటి చుట్టూ ఉన్న పీచు చట్రం కరగదు కాబట్టి రక్తనాళమైనా, అన్నవాహికైనా ఆకారం చెడకుండా మానుతుంది.

మొదటిసారి ల్యాబ్‌లో ఇది చూసినప్పుడు నాకే నమ్మకం కుదరలేదు. పల్స్ ఇవ్వగానే పేషెంటు ఛాతీ ఒక్క కుదుపు కుదిపింది (అందుకే మత్తు బాగా ఇవ్వాలి), సిరలోని విద్యుత్ స్పందనలను చూపిస్తూ తెరమీద అప్పటిదాకా ఎగిరిపడుతున్న గీత రెండు మూడు స్పందనల్లో చదునైపోయింది. వేడితో అయితే చుక్క చుక్కగా చాలాసేపు పట్టే పని.

అయితే రెండోవైపు కూడా చెప్పాలి, ఇది బ్రోచర్లలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2023లో వచ్చిన అడ్వెంట్ అనే ట్రయల్‌లో 607 మందిని చూస్తే, ఏడాది తర్వాత మంచి ఫలితం కొత్త పద్ధతిలో 73 శాతం మందికి, పాత పద్ధతుల్లో 71 శాతం మందికి వచ్చింది. అంటే దాదాపు సమానం. ఎక్కువ ఖర్చు పెట్టి కొనేది ఎక్కువ భద్రతను, తక్కువ సమయాన్నే తప్ప గ్యారంటీని కాదు. 2024లో ఈ కొత్త పద్ధతిలో చేయించుకున్న 17 వేల మందికి పైగా వివరాలు బయటపెట్టారు: అన్నవాహిక దారి పడిన కేసు ఒక్కటీ లేదు, కానీ గుండె చుట్టూ రక్తం చేరడం వెయ్యి మందిలో నలుగురు లోపు, పక్షవాతం వెయ్యికి ఒకరు చొప్పున కనిపించాయి. సున్నా ముప్పు అని ఎవరైనా అంటే నమ్మకండి.

మీ నాన్నగారి విషయంలో నన్ను ఆలోచింపజేసేది వోల్టులు కాదు, ఆ 1.5 క్రియాటినిన్. ఎలక్ట్రోడ్ పక్క నుంచి పారే రక్తంలో ఎర్రకణాలూ ఉంటాయి కదా, వాటిలో కొన్ని పగిలిపోతాయి. పల్స్‌లు ఎక్కువసార్లు ఇస్తే పగిలేవీ ఎక్కువ, వాటిలోంచి కారిన హిమోగ్లోబిన్ కిడ్నీల మీద పడుతుంది. ఆ 17 వేల మందిలో ఐదుగురికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అరుదే, అయినా కిడ్నీ ముందే నీరసంగా ఉన్నవాళ్లు అడగాలి: నాకు ఎన్నిసార్లు పల్స్‌లు ఇవ్వాల్సి రావచ్చు, సిరలు మాత్రమేనా, గుండె గది గోడలమీద కూడా పల్స్‌లతో గీతలు గీస్తారా, తర్వాత సెలైన్ పెడతారా, క్రియాటినిన్ ఎప్పుడు చూస్తారు అని. ఆ రాత్రి మూత్రం డికాషన్ రంగులో వస్తే నర్సుకు చెప్పాలి, పొద్దున చెబుదాంలే అనుకోకూడదు. ఈ డాక్టరుకు వేడి పద్ధతిలోనే చెయ్యి బాగా తిరిగి ఉంటే, కొత్త మిషను కోసం కొత్త చేతికి అప్పగించమని నేను అనను.

బాబాయిగారికి చెప్పండి, లైను కింద గాల్లో ఫీల్డు ఉన్న మాట నిజమే, కానీ మన ఒళ్లు ఉప్పునీటి ముద్ద, ఫీల్డును చర్మం దగ్గరే ఆపేస్తుంది. లోపలికి వెళ్లేది బయటున్నదాంట్లో లక్షో వంతు స్థాయి. కణాలకు చిల్లులు పడే మాట అలా ఉంచండి. దానికంటే నాన్నగారు రాత్రిళ్లు గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆపుతున్నారేమో అమ్మగారిని అడగండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే అబ్లేషన్ చేసినా లయ మళ్లీ తప్పే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే చేయించండి. మద్యం అలవాటు ఉంటే మానాలి.

అబ్లేషన్ తర్వాత మొదటి రెండు మూడు నెలలు దడ అప్పుడప్పుడూ రావచ్చు, గట్టు గట్టిపడేదాకా అంతే, ఫెయిలైందని బెంగపెట్టుకోవద్దు. ఆ తర్వాత లయ కుదిరినా ఆయన వయసు, బీపీ, షుగర్ దృష్ట్యా రక్తం పలచబరిచే మాత్ర కొనసాగించాల్సిందే. చాలామంది అడుగుతారు కాబట్టి ఇదీ చెబుతున్నా: ఇది పేస్‌మేకర్ కాదు, పని అయ్యాక లోపల ఏదీ వదిలిపెట్టరు, సెల్‌ఫోన్ ఎడమ జేబులోనే పెట్టుకోవచ్చు.