పాత బండి ప్రశ్నలు: మడ్‌గార్డు ఊగుతుంటే మందం పెంచితే చాలా?

ప్రశ్న: మాది 1972 అంబాసిడర్. గతుకుల్లో ముందు మడ్‌గార్డులు రెండూ ఊగుతున్నాయి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే గోడరేకు) నుంచి మడ్‌గార్డుకి 5 మి.మీ. యాంగిల్ వేసి వెల్డింగ్ కొట్టేస్తే మళ్లీ కదలదని టింకర్ అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వేయించకండి. మడ్‌గార్డు రేకు మందం దాదాపు 1 మి.మీ. మాత్రమే. దానికి 5 మి.మీ. ఇనుము అతికిస్తే ఊపు ఆగదు, వెల్డింగ్ అంచుకి చేరుతుంది. కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే రేకు చీలుతుంది. అప్పుడు టింకర్ ఇంకా మందం వేద్దామంటాడు!

ముందు ఊపు ఎక్కడ పుడుతోందో చూడండి. హెడ్‌లైట్ దగ్గర పట్టుకుని ఒకరు ఊపుతుంటే, ఇంకొకరు టార్చిలైటు వేసి మూడు చోట్లు గమనించాలి: రేడియేటర్ సపోర్టు బోల్టులు, బానెట్ పక్కన వరుసగా ఉండే బోల్టులు, తలుపు ముందు మడ్‌గార్డు కింది మూల. మన వైపు బండ్లలో ఎక్కువగా పోయేది ఆ కింది మూలే. చక్రం ఎగజిమ్మిన బురద అక్కడ చేరి, వానాకాలమంతా తడిసే ఉంటుంది. మూల తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని బాగుచేయించాలి, ఫైర్‌వాల్ నుంచి మడ్‌గార్డుకి యాంగిల్ బదులు వేసే సపోర్టు రాడ్డు సంగతి తర్వాత.

రాడ్డుకి 19 మి.మీ. పైపు, 16 గేజి (1.6 మి.మీ.) చాలు. కొసలు సుత్తితో చదును చేసి బెజ్జం వేయడం మామూలు పద్ధతి, చెడ్డ పద్ధతి కూడా. ఆ మడతలోనే పగులు మొదలవుతుంది. దానికి బదులు కొసలో 25 మి.మీ. చీలిక కోసి, 3 మి.మీ. పట్టీ ముక్క దూర్చి, రెండు వైపులా వెల్డ్ చేసి, మిగిలిన సందు కూడా మూసేయాలి. పైపులోకి నీళ్లు దిగకూడదు. జీఐ పైపైతే వెల్డింగ్ జరిగే చోట జింకు పూత గీకేయాలి. ఆ పొగ పీల్చితే రాత్రికి జ్వరం వస్తుంది.

ఫైర్‌వాల్ వైపు 2 మి.మీ. మందం, 75×75 ప్లేటు, మూలలు గుండ్రంగా. లోపలి వైపు కూడా అంతే ప్లేటు పెట్టి, మధ్యలో రేకుని బిగించాలి. మడ్‌గార్డు వైపు బోల్టు లోపలి మడత అంచుకే పడాలి, బయటికి కనిపించే రేకుకి కాదు. ముందు అట్టముక్కతో నమూనా కోసుకుంటే ఇనుము వృథా కాదు. రాడ్డు మడ్‌గార్డుకి సమాంతరంగా పోతే పనిచేయదు. 30 నుంచి 45 డిగ్రీల వాలుతో త్రికోణం ఏర్పడాలి.

ఒక కొసన మాత్రం 8×16 పొడుగు బెజ్జం ఉంచండి. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా ముందు తలుపు సందు, తర్వాత బానెట్ సందు సరిచేసి, చివర్న రాడ్డు బిగించాలి. రాడ్డుతో మడ్‌గార్డుని లాగి సందు సరిచేశారంటే రేకు ఎప్పుడూ బిగువులోనే ఉండి, పెయింటు ముందు పగులుతుంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి మళ్లీ తిప్పి చూడండి. టైరుకి, రాడ్డుకి మధ్య 30 మి.మీ. తగ్గకూడదు.

ఇంకొకటి: పాత నట్టు 5/16 ఇంచీ మర (చుట్లు) ఉన్నదైతే 8 మి.మీ. బోల్టు రెండు చుట్లు ఎక్కి ఇరుక్కుంటుంది. స్పానరుతో బలవంతం చేస్తే లోపలి నట్టు ఊడి వస్తుంది.

ప్రశ్న: కొబ్బరితోటలో ఏళ్ల తరబడి నిలిపిన అంబాసిడర్ కొన్నాను. తలుపుల కింద భాగం పొడి పొడిగా రాలుతోంది, జాకీ పెడితే లోపలికి దిగిపోతోంది. జీపుకి ఉన్నట్టు 100×50 ఛానళ్లు రెండు పొడుగునా వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: జీపుకి నిచ్చెనలాంటి ఛాసిస్ విడిగా ఉంటుంది. అంబాసిడర్‌కి బాడీయే ఛాసిస్. పుచ్చిన రేకుకి బరువైన ఛానలు వేలాడదీస్తే, మంచి రేకు మిగిలిన చోట కూడా చింపేస్తుంది. పోయిన భాగాన్ని అదే ఆకారంలో పెట్టె మెంబరుగా (లోపల ఖాళీ ఉండే రేకు దూలంగా) తిరిగి కట్టించుకోవాలి.

గ్యాస్ కట్టర్ పట్టకముందు ఒక హెచ్చరిక. ముందు చక్రాల టార్షన్ బార్లు (స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు) బండి నేల కింద క్రాస్ మెంబరు దాకా వచ్చి అక్కడే బిగిసి ఉంటాయి. అవి మెలితిరిగి, బలం నింపుకుని ఉంటాయి. బిగువు తీయించకుండా ఆ చుట్టుపక్కల కోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని చేసిన చేతులకే అప్పగించండి. బ్యాటరీ విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించాలి.

మట్టంగా ఉన్న సిమెంటు నేల మీద, చక్రాల దగ్గర బరువు పడేలా స్టాండులు పెట్టండి. నడుము దగ్గర ఎత్తితే బండి వంగుతుంది. తలుపు సందుల్లో 25 మి.మీ. స్క్వేర్ పైపు అడ్డంగా రెండు వరసలు టాక్ (చుక్క చుక్కగా వెల్డింగ్) వేయించండి. తాపీమేస్త్రి గుండు దారంతో నాలుగు మూలల గుర్తులు నేల మీదికి దించి, సుద్దతో గీసి, మూల నుంచి మూలకి కొలవండి. రెండు కొలతల తేడా 3 మి.మీ. దాటితే కోత మొదలుపెట్టకండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు.

మెంబరుకి 14 గేజి (2 మి.మీ.) రేకు, బెండింగ్ మిషన్ మీద ‘యు’ ఆకారంలో, 20 మి.మీ. అంచులతో. కొత్తది పాతదాని మీద 50 మి.మీ. అతకాలి. అతుకు కోత అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి, బలం ఒక్క గీత దగ్గర ఆగిపోకుండా. అంచుల్లో 40 మి.మీ.కి ఒక 8 మి.మీ. బెజ్జం వేసి సీఓటూ వెల్డింగ్‌తో నింపాలి. వరసగా లాగేయకుండా ఇటొకటి అటొకటి నింపితే వేడికి రేకు మెలిపడదు. అడుగున నీరుపోయే బెజ్జాలు మరవద్దు.

రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి వదిలితే తేమ పీలుస్తుంది. ఎపాక్సీ ప్రైమరు, పైన పెయింటు, పెట్టె లోపల మైనం స్ప్రే కావాలి. కాలవలు కట్టేసిన వేసవిలో ఉప్పు బోరు నీళ్లతో కింది భాగం కడిగించకండి; మంచినీళ్లు లేకపోతే దుమ్ముతోనే ఉండనివ్వండి.

ప్రశ్న: పాత జీపు ఛాసిస్‌లో పగులు వచ్చింది. పైన ప్లేటు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: ముందు పగులు కొసన 4 మి.మీ. బెజ్జం వేయండి, లేకపోతే ప్లేటు కింద పాకుతూనే ఉంటుంది. ‘వి’ గాడి కోసి వెల్డింగ్‌తో నింపి, చదును చేసి, ఆపైన ప్లేటు. చతురస్రం వద్దు, రెండు కొసలు మొనదేలి ఉండే ఆకారం. ఛానలు పై అంచుకి, కింది అంచుకి అడ్డంగా వెల్డ్ లాగకండి.

ప్రశ్న: ఇలా కట్టించిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: 2021 కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్నవే అర్హం. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. జీపు ఛానళ్లు వేసిన అంబాసిడర్ ఇక్కడే ఆగిపోతుంది. పని మొదలు కాకముందే తేదీలతో ఫొటోలు తీసి ఉంచుకోండి, ఛాసిస్ నంబరున్న చోట గ్రైండరు ఆడనివ్వకండి.