మాట తక్కువ అబ్బాయి, మనుషుల ఫోటోలు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాదే బీకాం పూర్తి చేశాడు. ఉద్యోగ ప్రయత్నాలు మానేసి పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్ అవుతానంటున్నాడు. పెళ్ళిళ్లు మాత్రం తీయడట. లక్షన్నర పెట్టి కెమెరా కొనమంటున్నాడు. ఆ లక్షన్నర మాకు చిన్న మొత్తం కాదు. ఇంట్లో అందరినీ బాగానే తీస్తాడు, నేను మాత్రం కెమెరా చూస్తే వంటింట్లోకి వెళ్లిపోతాను. ఇంకో సంగతి, చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రాని పిల్లవాడు. ఇలాంటివాడికి ఈ పని అచ్చొస్తుందా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, లక్షన్నర గురించి రెండుసార్లు రాశారు, పిల్లవాడి బిడియం గురించి చివర్లో ఒక్క ముక్క. నేను ఆ చివరి ముక్క నుంచే మొదలుపెడతాను. కెమెరా అక్కర్లేదనుకుంటే సగం ధరకైనా అమ్ముకోవచ్చు. ఎదుట కూర్చున్న మనిషితో పొసగకపోతే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా చేయగలిగింది ఏమీ ఉండదు.

సలహాలు చెప్పే పనిలోకి రాకముందు గుంటూరులో తొమ్మిదేళ్లు స్టూడియో నడిపాను. నా దగ్గర ఒక సహాయకుడు ఉండేవాడు, మాటకారి. వచ్చినవాళ్లను నవ్వించడంలో దిట్ట. తీరా ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అందరి ముఖాల్లోనూ వాడి జోకే కనిపించేది.

ఒకసారి పదవీ విరమణ సన్మాన సంచికకు ఫోటో కావాలని ఒక ప్రధానోపాధ్యాయుడు వచ్చారు. ఏళ్ల తరబడి గ్రూపు ఫోటోల్లో మధ్య కుర్చీలో కూర్చున్న అలవాటు. మోకాళ్ల మీద రెండు చేతులు, బిగించిన దవడ. నవ్వమంటే పళ్లు కనబడ్డాయి, కళ్లు కదల్లేదు. మావాడి జోకులు ఆయన దగ్గర పారలేదు. ఏం చేయాలో తోచక, లైటు సర్దుతున్నట్టు నటిస్తూ ఊరుకున్నాను. రెండు మూడు నిమిషాలు గదిలో మాట లేదు. అంతలో ఎవరో బయటినుంచి తలుపు తోశారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు అటు చూశారు. సగం గదమాయింపు, సగం ‘సరే, రా’ అన్న చూపు. అప్పుడు నొక్కాను. సంచిక అట్ట మీద అదే వేశారు. నాకు ఆ ఊరుకోవడం అలవాటు కావడానికి ఏళ్లు పట్టింది. మీ అబ్బాయికి అది పుట్టుకతోనే ఉన్నట్టుంది.

అయితే బిడియం వేరు, మనుషులంటే పట్టకపోవడం వేరు. ఏది ఏదో ఇంట్లో మీకే తెలియాలి. అమ్మమ్మ ఫోటో తీశాక ఆవిడకు చూపించాడా, లేక కంప్యూటర్లో దాచుకుని రంగులు సరిచేస్తూ కూర్చున్నాడా? ఈ రెండోదే ఎక్కువైతే ప్రకృతి దృశ్యాలో, వస్తువుల ఫోటోలో తీసుకోవడం మేలు. వాటికీ గిరాకీ ఉంది.

డెబ్బై దాటిన ఒకావిడ ఆటోలో ఒంటరిగా వచ్చింది. ‘నేను పోయాక గోడకు పెట్టే ఫోటో ఇప్పుడే తీయి నాయనా. లేకపోతే మావాళ్లు ఆధార్ ఫోటో పెద్దది చేయించి దండ వేస్తారు. అందులో జేబుదొంగలా ఉన్నాను’ అంది. ఆవిడ భయం ఉత్తిది కాదు. పెద్దకర్మ రేపనగా ఇంటివాళ్లు ఏదో పెళ్ళి గ్రూపు ఫోటో పట్టుకుని స్టూడియోకు పరుగెత్తుకొస్తారు. అందులో పోయినవారి తల బఠాణీ గింజంత ఉంటుంది. ఆవిడను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, నీడ పడే వైపు తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెట్టాను. పక్కనుంచి పడే వెలుతురులో ముడతలు లోతుగా కనిపిస్తాయి. అట్ట మీదినుంచి తిరిగొచ్చే వెలుతురు వాటిని కొంచెం మెత్తబరుస్తుంది. చెరిపేయదు, చెరపకూడదు కూడా. ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, ‘ఇది మా అమ్మ’ అంది. నేను వద్దంటున్నా డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లింది.

చెరపకూడదని నేను నేర్చుకున్నది మాత్రం తప్పు చేశాకే. సంబంధాలు చూస్తున్న ఒక అమ్మాయి ఫోటోను, వాళ్ల పెద్దవాళ్లు అడిగారని నాలుగు ఛాయలు తెల్లగా చేసి ఇచ్చాను. అప్పట్లో అందరూ చేసే పనే. పెళ్ళిచూపుల్లో ఏం జరిగిందో ఊహించుకోండి. నెల తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. తిడుతుందనుకున్నాను. ‘అసలు ఫోటో ఉంటే ఇవ్వండి’ అని మాత్రం అడిగింది. ఉంది, ఇచ్చాను. నేను డబ్బు తీసుకోలేదు, తల కూడా ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచి ‘రంగు మార్చబడదు’ అని గోడ మీద రాసి పెట్టాను. కొందరు చదివి వెనక్కి తిరిగిపోయారు. ఆ నష్టం భరించగలిగాను.

పసిపిల్లల ఫోటోలకు ఇప్పుడు నగరాల్లో మంచి గిరాకీ. బిడ్డ ఎక్కువగా నిద్రపోతుంది, ముడుచుకుని పడుకుంటుంది కాబట్టి పుట్టిన మొదటి రెండు వారాల్లో తీయిస్తారు. గడ్డం కింద రెండు చేతులు ఆనించుకుని కప్పపిల్లలా కూర్చున్న పసివాళ్ల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. అది ఒక్క ఫోటో కాదు. ఒకసారి బిడ్డ తలను, ఇంకోసారి మణికట్లను పట్టుకుని తీసిన రెండు ఫోటోలను తర్వాత కలుపుతారు. ఎవరూ పట్టుకోకుండా ఒకేసారి తీసేస్తాననేవాడి దగ్గర మీ అబ్బాయి పని నేర్చుకోకూడదు.

ఇక నాయకులు. వాళ్లిచ్చేది పది నిమిషాలు. ఆ పదిలోనే నమస్కారం పెడుతూ ఒకటి, చేయి ఊపుతూ ఒకటి, ఫోను మాట్లాడుతూ ఒకటి కావాలి, ఫ్లెక్సీలకు. 1941లో కెనడా రాజధాని ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ అనే ఫోటోగ్రాఫర్ అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసి ఆయన కోపాన్ని ఫోటో తీశాడన్న కథ ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. అంతకుముందే ఆ గదిలో లైట్లన్నీ సర్దుకుని ఎదురుచూశాడన్నది తక్కువమంది చెబుతారు. చుట్ట సంగతి వదిలేసి లైట్ల సంగతి నేర్చుకోమనండి. నాయకుడు దిగకముందే ఆయన డ్రైవర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి వెలుతురు చూసుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ డ్రైవర్ల ఫోటోలే బాగా వచ్చేవి.

ఉద్యోగం వదిలి కెమెరా పట్టినవాళ్లు మనకు కొత్త కాదు. లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో కొలువు చేసి, అది వదిలి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పరదా పాటించే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు కాబట్టి, 1892లో హైదరాబాదులో వాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచి దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఎదుటివాళ్లు ఎక్కడ ఇబ్బంది పడతారో ముందే పసిగట్టిన మనిషి. అయితే మీ భయానికి ఇది జవాబు కాదని నాకూ తెలుసు, నిజాం కొలువు ఇప్పుడు లేదు.

అందుకే పెళ్ళిళ్లు తీయనన్న పట్టుదల నాకు నచ్చలేదు. కేవలం పోర్ట్రెయిట్ల మీద ఇల్లు గడవాలంటే పేరు రావాలి. పేరు వచ్చేదాకా అన్నం పెట్టేది ముహూర్తాలే. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఆ పనీ ఉండదు, అప్పటికి కొంత వెనకేసుకోవాలి. డబ్బు మాట అటుంచినా, అన్ని రకాల ముఖాలు ఒకే రోజు ఇంకెక్కడ దొరుకుతాయి? అప్పగింతల వేళ అందరి కెమెరాలూ పెళ్ళికూతురి మీద ఉంటాయి. కండువా కొనతో చేతులు తుడుచుకుంటూ వంటశాల వైపు వెళ్లిపోయే తండ్రిని చూసేవాడు ఒకడుంటే, వాడు పోర్ట్రెయిట్లు తీయగలడు. ఒక ఏడాది మంచి ఫోటోగ్రాఫర్ దగ్గర సహాయకుడిగా చేయమనండి. లైటు పట్టుకుని పక్కన నిలబడే పనిలో పెద్దగా మాట్లాడే అవసరం కూడా ఉండదు.

చదువుగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ అయిపోయినవాడు మళ్లీ నాలుగేళ్లంటే ఆలోచించుకోవాలి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) వారి గాంధీనగర్ ప్రాంగణంలో ఫోటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉంది. మూడేళ్ల బీకాంకు అర్హత ఉంటుందా అన్నది దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో చూసుకున్నాకే ప్రవేశ పరీక్ష కోచింగ్‌కు డబ్బు కట్టండి.

కెమెరాకు లక్షన్నర ఇప్పుడే వద్దు. వాడిన కెమెరా ఒకటి, 50 ఎంఎం లెన్సు ఒకటి చాలు. చిన్న సెన్సరు (కెమెరా లోపల వెలుతురును పట్టే పలక) ఉన్న కెమెరాకు ఆ లెన్సు తగిలిస్తే ముఖాలకు చక్కగా సరిపోతుంది. ఫోనుతో మరీ దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, అందుకే మనిషికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడాలి. రెండో లెన్సు తన మొదటి సంపాదనతో తనే కొనుక్కుంటాడు.

చట్టం గురించి కూడా ఒక మాట. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు తీయించుకున్నవాళ్లదే. తీసింది నేనే కదా అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే గొడవ. ముందే కాగితం మీద రాయించుకోవాలి. పసిపిల్లల విషయంలో తల్లిదండ్రులు నోటితో సరేనన్నా సరే, రాయించుకోవాలి.

ఇప్పుడు పరీక్ష. మూడు నెలల్లో ముప్పై మంది ఫోటోలు తీయమనండి, అందులో పదిమందైనా తనకు ముక్కూముఖం తెలియనివాళ్లు కావాలి. ఇస్త్రీ బండి ఆయన, పూలమ్మే ఆవిడ, బస్టాండులో కూలీ, ఎవరైనా సరే. అడిగి తీయాలి. తీసిన ఫోటో ప్రింటు వేయించి, మళ్లీ వెళ్లి వాళ్ల చేతికివ్వాలి. ఆ రెండోసారి వెళ్లడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. పదో మనిషికీ ప్రింటు అందితే కెమెరా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం, నాకు మళ్లీ రాయండి.

జాబితాలో మొదటి పేరు మాత్రం మీదే ఉండాలి. మీరు వంటింట్లోనే ఉండండి, అతన్నే అక్కడికి రమ్మనండి. చీర మార్చుకోవడానికి వెళ్లకండి.