రోజూ చికెన్ జెర్కీ.. కుక్కకు అతిదాహం: ప్యాకెట్ ట్రీట్లే కారణమా?

ప్రశ్న: మాది చిన్న జాతి కుక్క. వయసు ఐదేళ్లు, బరువు 6 కిలోలు. ఆరు నెలలుగా దుకాణంలో కొన్న ఎండు చికెన్ ముక్కలు (జెర్కీ) రోజూ పెడుతున్నాం. మామూలు ఆహారం కొసరి కొసరి తింటుంది, ఇవంటే మాత్రం ప్రాణం. కొన్నాళ్లుగా నీళ్లు విపరీతంగా తాగుతోంది. ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోస్తోంది. కాస్త చిక్కింది కూడా. ప్యాకెట్ మీద గడువు తేదీ ఇంకా దాటలేదు, వాసన బాగానే ఉంది. ఈ ట్రీట్ల వల్లే ఇలా అవుతోందా? అసలు బయట కొన్నవి పెట్టవచ్చా? ఇంట్లోనే చికెన్ ఎండబెట్టి ఇస్తే నయమా? మా రెండేళ్ల పాప కూడా తన చేత్తోనే వాటిని కుక్కకు తినిపిస్తూ ఉంటుంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: ఆ చికెన్ ముక్కలు ఈ రోజు నుంచే ఆపేయండి. ప్యాకెట్ మాత్రం పారేయకండి, దానితో పని ఉంది. ఒకటి రెండు రోజుల్లో కుక్కను పశువైద్యుడికి చూపించి మూత్రం, రక్తం రెండూ పరీక్ష చేయించండి. ఈలోగా వాంతులు మొదలైనా, తిండి పూర్తిగా మానేసినా, లేవలేనంత నీరసపడినా ఆ ఒకటి రెండు రోజులు కూడా ఆగవద్దు. ఇంట్లో మూత్రం పోస్తోందని నీళ్ల గిన్నె తీసేసే పని అస్సలు చేయకండి. ఒంట్లో నుంచి నీరు పోతోంది కాబట్టే అది అంతగా తాగుతోంది. గిన్నె తీసేస్తే ఒక్క పూటలోనే పరిస్థితి విషమించవచ్చు.

బయట దొరికే ట్రీట్లన్నీ విషమని నేను అనను. కానీ చిన్న జాతి కుక్క, రోజూ జెర్కీ, ఉన్నట్టుండి దాహం, ఈ మూడూ ఒకచోట కలిస్తే పశువైద్యులకు వెంటనే గుర్తొచ్చే చరిత్ర ఒకటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చికెన్ జెర్కీ గురించి కుక్కల యజమానులను హెచ్చరించింది. 2014 మే నాటికి ఆ సంస్థకు అందిన ఫిర్యాదులు దాదాపు 4,800. వాటిలో జబ్బుపడిన కుక్కలు 5,600కు పైగా, చనిపోయినవి వెయ్యికి పైగా ఉన్నాయి. ఎక్కువ ఫిర్యాదులు చైనా నుంచి దిగుమతైన చికెన్, బాతు మాంసం, చిలగడదుంప జెర్కీల మీదే వచ్చాయి. సుమారు 60 శాతం కేసుల్లో వాంతులు, విరేచనాల వంటి జీర్ణకోశ సమస్యలు కనిపించాయి. మరో 30 శాతం మూత్రపిండాలకు, మూత్ర వ్యవస్థకు సంబంధించినవి. ఫిర్యాదు అందినంత మాత్రాన ప్రతి మరణానికీ జెర్కీయే కారణమని తేలినట్టు కాదు. బరువైన లోహాలు, క్రిమిసంహారకాలు, బూజు విషాలు, సూక్ష్మజీవులు అంటూ ఏళ్ల తరబడి వెతికినా ఇదీ కారణమని ఎఫ్‌డీఏ ఒక్క పదార్థాన్ని కూడా వేలెత్తి చూపలేకపోయింది. నాకు ఇందులో అన్నిటికంటే ఇబ్బందిగా తోచేది అదే. దోషి దొరకలేదంటే ప్రమాదం తొలగిపోయిందని అర్థం కాదు.

ఆ మూత్రపిండాల కేసుల్లో ప్రత్యేకంగా కనిపించిన జబ్బు పేరు ఫాంకోనీ సిండ్రోమ్. మూత్రపిండం ముందు రక్తాన్ని వడగడుతుంది. ఆ వడపోతలో వ్యర్థాలతో పాటు గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, లవణాల వంటి పనికొచ్చేవి కూడా బయటికి వస్తాయి. వడగట్టిన ద్రవం సన్నని గొట్టాల్లోంచి సాగుతున్నప్పుడు ఆ గొట్టాల గోడలు పనికొచ్చేవాటిని మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి. ఫాంకోనీలో ఈ వెనక్కి లాక్కునే పని దెబ్బతింటుంది. గ్లూకోజ్ మూత్రంలోకి జారిపోతుంది, దాని వెంట నీరూ పోతుంది. అందుకే అంత మూత్రం, అంత దాహం. తిన్నది ఒంటికి పట్టక చిక్కిపోవడం కూడా ఇందులో భాగమే. బసెంజీ అనే జాతి కుక్కల్లో ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. మిగతా జాతుల్లో, అదీ జెర్కీ తినే చిన్న జాతి కుక్కల్లో కనిపించినప్పుడు డాక్టర్లు తిండి గురించి ఆరా తీస్తారు.

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది, మీరు జాగ్రత్త పడాలి. మూత్రంలో గ్లూకోజ్ కనబడగానే షుగర్ వ్యాధి అనుకోవడం సహజం. షుగర్ వ్యాధిలో రక్తంలోనూ గ్లూకోజ్ ఎక్కువగా ఉంటుంది. ఫాంకోనీలో రక్తంలో గ్లూకోజ్ మామూలుగానే ఉండి మూత్రంలో మాత్రమే కనబడుతుంది. మూత్రం ఒక్కటే చూసి ఇన్సులిన్ మొదలుపెడితే, అప్పటికే మామూలుగా ఉన్న చక్కెర పడిపోయి కుక్క ప్రాణం మీదికి వస్తుంది. రెండు పరీక్షలూ ఒకే పూట చేయించమనేది ఇందుకే. జెర్కీ పెడుతున్న సంగతి అడగకపోయినా మీరే చెప్పండి, ప్యాకెట్ చూపించండి. చాలామంది యజమానులు తిండి గురించి అడిగితే గిన్నెలో పెట్టేదే చెబుతారు, చేత్తో పెట్టేది లెక్కలోకి రాదు.

వెళ్లేలోపు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. పొద్దున నీళ్లు కొలిచి పోయండి. మర్నాడు అదే వేళకు ఎంత మిగిలిందో చూడండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగితే అది జబ్బు లక్షణం కిందే లెక్క. మీ కుక్క విషయంలో హద్దు 600 మిల్లీలీటర్లు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే డాక్టర్ పని సగం తేలికవుతుంది. ఎలుకల మూత్రంతో సోకే లెప్టోస్పైరోసిస్, మూత్రపిండాల ఇతర జబ్బులు, హార్మోన్ల తేడాలు కూడా ఇలాంటి దాహాన్నే తెస్తాయి. కాబట్టి పరీక్షలు రాకముందే జెర్కీకి శిక్ష వేయనక్కరలేదు, దాన్ని ఆపితే చాలు.

ఒకవేళ ఫాంకోనీ అని తేలినా భయపడిపోకండి. జెర్కీ ఆపి, ఒంట్లో తగ్గిన లవణాలను సరిచేస్తూ వైద్యం చేస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. మూత్రంలో గ్లూకోజ్ పూర్తిగా మాయమవడానికి వారాలు, కొన్నిటిలో నెలలు పడుతుంది. కుక్క హుషారుగా కనిపిస్తోందని తర్వాతి పరీక్షలు ఎగ్గొట్టకండి.

గడువు తేదీ ఉంది, వాసన బాగుంది అని రాశారు. పాడైపోకుండా ఉందని చెప్పడానికి అవి పనికొస్తాయి, అంతకు మించి ఏమీ చెప్పవు. 2007లో అమెరికాలో ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయాయి. వాటి ఆహారంలో వాడిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిసింది. ఆహారంలో ప్రోటీన్ ఎంతుందో మామూలుగా నైట్రోజన్‌ను కొలిచి లెక్కగడతారు. మెలమైన్‌లో నైట్రోజన్ దండిగా ఉంటుంది కాబట్టి అది కలిపిన సరుకు ప్రోటీన్ పరీక్షలో దర్జాగా గట్టెక్కింది. అలాగే 2013 జనవరిలో న్యూయార్క్ రాష్ట్ర వ్యవసాయ శాఖ చికెన్ జెర్కీలో అనుమతి లేని యాంటీబయాటిక్ అవశేషాలను కనుగొంది. పేరున్న రకాలు కొన్ని అప్పుడు దుకాణాల నుంచి వెనక్కి వెళ్లాయి. కుక్కలు జబ్బుపడటానికి ఆ అవశేషాలే కారణమని మాత్రం ఎవరూ తేల్చలేదు. దేనికోసం వెతికితే అదే దొరుకుతుంది, పరీక్షల తీరే అంత.

అలాంటప్పుడు కొనేవాళ్లు చేయగలిగింది ఏమిటి? నా మటుకు ఏ ట్రీట్ మంచిదనే ప్రశ్నకన్నా ఎంత, ఎన్నాళ్లు అనే ప్రశ్నలకే ఎక్కువ విలువిస్తాను. ఒకే రకాన్ని ఆరు నెలలు రోజూ పెడితే, అందులో ఏ చిన్న లోపమున్నా అదంతా మీ కుక్క మీదే పేరుకుంటుంది. ట్రీట్ల నుంచి వచ్చే కేలరీలు రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదనేది పశువైద్యులు పాటించే లెక్క. 6 కిలోల కుక్కకు రోజుకు సుమారు 400 కేలరీలు చాలు. అందులో ట్రీట్ల వాటా 40. ఎండు చికెన్‌లో గ్రాముకు 3 కేలరీలకు పైనే ఉంటాయి, అంటే 12 గ్రాములకే ఆ కోటా అయిపోతుంది. ఇంట్లో నలుగురుంటే నలుగురూ తలా ఒక ముక్క పెడతారు, ఎవరికి వారు ఒక్కటే పెట్టామనుకుంటారు. ఇక గిన్నెలో తిండి ఎందుకు ముట్టుకుంటుంది? కొసరి కొసరి తింటోందని మీరు రాసిన దానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ట్రీట్ల వాటాను పొద్దున్నే ఒక డబ్బాలో వేసి, అది ఖాళీ అయితే ఆ రోజుకు అంతే అని ఇంటిల్లిపాదికీ చెప్పండి.

కొనేటప్పుడు పదార్థాల పట్టిక చదవండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే, మనుషులకు ఎంత మంచిదైనా సరే, కుక్కకు పెట్టకూడదు. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు, కుక్క రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి. మోతాదు పెరిగితే కాలేయం పాడవుతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని రకాల వేరుశనగ వెన్నలో ఇది ఉంటుంది. ఎండు ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. ‘సహజం’, ‘ప్రీమియం’ లాంటి ముద్రలను నేనైతే చదవను కూడా. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబర్, తయారైన చోటు స్పష్టంగా లేని ప్యాకెట్‌ను ముట్టుకోను.

మీరు అడగలేదు గానీ, నమలడానికి ఇచ్చే గట్టి వస్తువుల గురించి రెండు మాటలు. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే నొక్కు పడనిది కుక్క పంటికీ గట్టిదే. అలాంటివి కొరికి పైదవడ పెద్దపళ్లు పగులగొట్టుకున్న కుక్కలు చాలా వస్తుంటాయి. పచ్చితోలు చుట్టి చేసే రాహైడ్ ఎముకల ముక్కలు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. గబగబా మింగే అలవాటున్న కుక్కకు అవి అసలే వద్దు. వండిన ఎముకలు సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇంట్లో ఎండబెట్టడం గురించి అడిగారు. అందులో ఏముందో మీకు తెలుస్తుంది, అది మేలే. కానీ ఎండబెట్టే వేడికి సాల్మొనెల్లా క్రిములు చావకపోవచ్చు. పైగా తేమ తగ్గేకొద్దీ అవి ఆ వేడిని ఇంకా బాగా తట్టుకుంటాయి. కాబట్టి ముందు చికెన్ లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడికించి, ఆ తర్వాతే ఎండబెట్టాలి. అంత శ్రమ ఎందుకు అనుకుంటే, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. క్యారెట్ ముక్క ఇచ్చినా చాలా కుక్కలు సంతోషంగానే తింటాయి. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా మాత్రం ఏ కొత్త తిండీ డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకండి.

పాప విషయానికొస్తే, ఆమెను ఈ పని నుంచి తప్పించండి. 2019లో అమెరికాలో ఎండబెట్టిన పంది చెవుల ట్రీట్ల ద్వారా సాల్మొనెల్లా 150 మందికి పైగా సోకింది. వాళ్లలో చాలామంది ఆ ట్రీట్లను తినలేదు, వాటిని పట్టుకోవడమో, వాటిని తిన్న కుక్కలతో గడపడమో చేశారంతే. కుక్క పైకి ఆరోగ్యంగా ఉంటూనే ఆ క్రిములను మోయగలదు. రెండేళ్ల పిల్లల చెయ్యి క్షణంలో నోట్లోకి వెళ్తుంది. ట్రీట్ పెట్టిన పెద్దవాళ్లు కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ప్యాకెట్‌ను వంటగట్టు మీద పెట్టకూడదు. ఈ మధ్య పాపకు జ్వరం, విరేచనాలు వచ్చి ఉన్నా, ఇకముందు వచ్చినా, ఈ జెర్కీ సంగతి పిల్లల డాక్టర్‌కు చెప్పండి.