మీ గొడవ ఏడో రౌండు కుర్రాడి గురించి కాదు

ప్రశ్న: మేము మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నాం. నాకు యాభై మూడేళ్ళు, మా అబ్బాయికి ఇరవై. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరం కలిసి డెట్రాయిట్ రెడ్ వింగ్స్ ఐస్ హాకీ ఆటలు చూసేవాళ్ళం. బేస్‌మెంట్‌లో టీవీ పక్కన మా జట్టు పాత ఆటగాడు పావెల్ డాట్సుక్ పదమూడో నంబరు జెర్సీకి ఫ్రేము కట్టించి పెట్టాను. మా జట్టు డ్రాఫ్ట్‌లో (జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే పద్ధతి) చివరిదైన ఏడో రౌండులో తీసుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు కాలేజీ హాకీ ఆడుతున్నాడు. అతనితో వెంటనే ఒప్పందం చేసుకుని, రెడ్ వింగ్స్‌కు అనుబంధంగా ఉన్న గ్రాండ్ రాపిడ్స్ జట్టులో పెద్దవాళ్ళ మధ్య ఆడించాలని నేనూ, నా మిత్రులూ అంటాం. ఇంకో రెండేళ్ళు కాలేజీలోనే ఉండనివ్వాలని మావాడి వాదన. సంక్రాంతికి నాలుగు కుటుంబాలు మా ఇంట్లో చేరినప్పుడు మళ్ళీ ఇదే చర్చ వచ్చింది. "ఇరవై ఏళ్ళకు తేలనివాడు ఇక తేలడు, ఏడో రౌండు వాడు ఎప్పటికీ ఏడో రౌండే" అన్నాను. మావాడు రిమోట్ బల్ల మీద పెట్టి పైకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి పంతం పట్టి నాతో మాట్లాడటం లేదు. అన్నం కూడా వాళ్ళమ్మ పైకే తీసుకెళ్తోంది. మా నాన్నగారికి నేను ఏనాడూ ఎదురు చెప్పి ఎరగను. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే బి.ఎస్సీ., ఆ తర్వాత ఎం.సి.ఎ. చేసి, కష్టపడి పైకొచ్చినవాణ్ణి. మా ఇద్దరిలో ఎవరిది సరైన మాటో చెప్పండి. వాడు ఒప్పుకునేలా ఎలా చెప్పాలి? (మావాడు నిరుడు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మానేసి కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. మా అమ్మాయి మెడిసిన్ మూడో సంవత్సరం.)

జవాబు: మీరు అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఆ కుర్రాడు ఎక్కడ ఆడాలన్నది అతనూ, అతని తల్లిదండ్రులూ, జట్టు యాజమాన్యమూ తేల్చుకోవలసిన విషయం. రెండు దారుల్లోనూ న్యాయం ఉంది. గ్రాండ్ రాపిడ్స్ గ్రిఫిన్స్ ఆడే అమెరికన్ హాకీ లీగులో ఒక్కో జట్టు సీజనుకు 72 ఆటలు ఆడుతుంది. కాలేజీ జట్లు నలభైకి అటూ ఇటూగా, అదీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో ఆడి, మిగిలిన వారమంతా సాధనకూ వ్యాయామానికీ కేటాయిస్తాయి. ఒళ్ళు ఇంకా గట్టిపడని కుర్రాడికి ఆ వ్యవధి మేలు చేస్తుంది. కాలేజీ ఆట మరీ తేలికైపోయినవాడికి పెద్దవాళ్ళ మధ్య దెబ్బలు తింటూ నేర్చుకోవడమే మేలు. అతను ఈ రెంటిలో ఏ స్థితిలో ఉన్నాడో బేస్‌మెంట్‌లో కూర్చున్నవారెవరూ చెప్పలేరు. ఆ విషయం అంతటితో వదిలేద్దాం.

కాని ఇరవై ఏళ్ళకు తేలనివాడు ఇక తేలడని మీరు అన్న మాటను నేను వదలలేను, ఎందుకంటే అది మీ గోడకు వేలాడుతున్న జెర్సీ సాక్షిగా అన్న మాట. డాట్సుక్‌ను 1998 డ్రాఫ్ట్‌లో 171వ స్థానంలో, ఆరో రౌండులో తీసుకున్నారు. రెడ్ వింగ్స్ తరఫున ఐరోపాలో ఆటగాళ్ళను వెతికే హకాన్ ఆండర్సన్ వేరే కుర్రాణ్ణి చూడటానికి రష్యా వెళ్ళి, ఎదుటి జట్టులో పొట్టిగా, సన్నగా ఉన్న ఇతన్ని గమనించి, తీసుకోమని చెప్పాడు. తీసుకున్న తర్వాత మూడేళ్ళ పాటు అతన్ని రష్యాలోనే ఆడనిచ్చారు. అతను డెట్రాయిట్‌కు వచ్చి తొలి ఆట ఆడేటప్పటికి ఇరవై మూడేళ్ళు నిండాయి. ఆ మరుసటి వేసవిలో, 2002లో, లీగు విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2024లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అతని పక్కన ఆడిన హెన్రిక్ జెటర్‌బర్గ్‌దీ ఇదే కథ. 1999లో ఏడో రౌండులో, 210వ స్థానంలో దొరికిన అతన్ని 2002 దాకా స్వీడన్‌లోనే ఉండనిచ్చారు. 2008లో కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో, అంటే సీజను చివర కప్ కోసం జరిగే పోటీల్లో, అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనిదే. ఆ తర్వాత జట్టుకు నాయకుడు కూడా అయ్యాడు. ఇంకొకరి పేరు కూడా చెప్పనివ్వండి. న్యూయార్క్ రేంజర్స్ 2000లో ఏడో రౌండులో, 205వ స్థానంలో తీసుకున్న గోల్ కాపరి హెన్రిక్ లుండ్‌క్విస్ట్ అయిదేళ్ళు స్వీడన్‌లోనే ఉండి, 2005లో గాని న్యూయార్క్ గోల్ ముందు నిలబడలేదు. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఇరవై ఏళ్ళకు తేలినవారు కారు. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసిన మనిషి నోటి నుంచి, తెలిసిన విషయానికి పూర్తిగా విరుద్ధమైన మాట వచ్చిందంటే ఆ మాట హాకీ గురించి వచ్చింది కాదని నేను అర్థం చేసుకున్నాను. మీ అబ్బాయి నాకంటే ముందే, ఆ గదిలోనే అర్థం చేసుకున్నాడు.

ఇక్కడ మీ మిత్రులకు అన్యాయం చేయను. రెడ్ వింగ్స్ ఆడే ఎన్.హెచ్.ఎల్. అనే పెద్ద లీగు డ్రాఫ్ట్‌లో ఇప్పుడు ఏడు రౌండ్లకు కలిపి 224 మందిని తీసుకుంటారు. చివరి రౌండ్ల నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ లీగులో ఒక్క ఆట కూడా ఆడరు. ప్రతి ఏడో రౌండు కుర్రాడూ జెటర్‌బర్గ్ అవుతాడని మీ అబ్బాయి అనుకుంటే అతనిదీ పొరపాటే. కాని మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే అతను ఆ మాట ఎక్కడా అనలేదు. ఇంకో రెండేళ్ళు ఆగమన్నాడు, అంతే. ఆ కోరిక ఎవరి కోసం కోరాడో మీకు నేను విడమర్చి చెప్పవలసిన పని లేదనుకుంటాను.

మీ ఉత్తరంలో హాకీకి చాలా చోటు ఇచ్చారు. మీ అబ్బాయి ఇంజనీరింగ్ మానేసిన సంగతి మాత్రం చిట్టచివర, కుండలీకరణాల్లో, మరిచిపోయి మళ్ళీ గుర్తొచ్చినట్టు రాశారు. దాని పక్కనే, నేను అడగకపోయినా, అమ్మాయి మెడిసిన్ సంగతి చేర్చారు. ఇంట్లో మొదటి రౌండు ఎవరో, ఏడో రౌండు ఎవరో ఆ రెండు వాక్యాల్లో మీరే రాసి పెట్టారు. ఒక ఏడాది నుంచి ఆ పిల్లవాడు ఆ లెక్కలోనే బతుకుతున్నాడు. చదువు మానేసిన రోజున మీరు అతన్ని కేకలు వేశారో, ఏమీ అనకుండా ఊరుకున్నారో రాయలేదు. ఊరుకునే ఉంటారని నా అనుమానం. మన ఇళ్ళలో మగవాళ్ళు కొడుకుతో నేరుగా అడగలేని మాటను మూడో మనిషి మీద పెట్టి అంటారు. ఎదురింటి అబ్బాయి ఉద్యోగం గురించి, బావగారి కొడుకు జీతం గురించి మాట్లాడతారు, వినవలసినవాడు వింటాడు. మీకు ఎదురింటి అబ్బాయికి బదులు ఒక హాకీ ఆటగాడు దొరికాడు. కలిసి ఆట చూసేటప్పుడు ఆ ఆటగాడి మీద మీరు విసిరిన ప్రతి మాటా మీ అబ్బాయికే తగిలింది. ఆ ఆటగాణ్ణి కాపాడుకుంటూ మీ అబ్బాయి ఇన్నాళ్ళూ మీతో వాదించాడు. సంక్రాంతి నాడు నాలుగు కుటుంబాల ముందు ఆ వాదనను కొనసాగించే ఓపిక అతనికి లేకపోయింది.

మీరు దాన్ని పంతం అన్నారు. నేను ఒప్పుకోను. అతను గొంతు పెంచలేదు, మీ మిత్రుల ముందు మీ మాట తీసిపారేయలేదు, తలుపు ధడేల్మని వేయలేదు. రిమోట్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తండ్రి గౌరవాన్నీ, తన గౌరవాన్నీ ఒకేసారి నిలబెట్టుకోవడానికి ఆ వయసు పిల్లవాడికి అంతకంటే మంచి మార్గం నాకు తోచడం లేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదన్న నియమాన్ని నేనూ గౌరవిస్తాను. కాని ఆ నియమం పెద్దవాళ్ళ మీద కూడా ఒక బాధ్యత పెడుతుంది: ఎదురు చెప్పలేని మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకూడదు. జవాబు చెప్పే హక్కు లేనివాడి మీద మాట విసరడం పెద్దరికం కాదని నా గట్టి నమ్మకం.

మీ నాన్నగారి ప్రస్తావన మీరే తెచ్చారు గనుక ఒక మాట అడుగుతాను. ఎంసెట్‌లో ర్యాంకు రాక మీరు బి.ఎస్సీ.లో చేరినప్పుడు, మీతో ఇంటర్ చదివినవారు ఇంజనీరింగ్ కాలేజీల నుంచి సెలవులకు వచ్చి వీధిలో తిరుగుతున్నప్పుడు, ఆయన మీ గురించి బంధువుల ముందు ఏమనేవారు? మూడేళ్ళ డిగ్రీ, ఆపైన మూడేళ్ళ ఎం.సి.ఎ. కలిపితే ఆరేళ్ళు. మీ ఈడువారు నాలుగేళ్ళకే పట్టా తీసుకుని ఉద్యోగాల్లో చేరారు. మీరు చదువు ముగించేటప్పటికి డాట్సుక్ డెట్రాయిట్‌లో దిగిన వయసుకు దగ్గరగా వచ్చి ఉంటారు. ఆ రోజుల్లో ఎం.సి.ఎ. చేసి ఈ దేశం వచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరూ ఇరవై ఏళ్ళకు తేలలేదు. ఆయన మిమ్మల్ని పండగ నాడు పదిమందిలో అలా అని ఉంటే, మీకు ఆ మాట ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేది, నాకు రాసిన ఉత్తరంలో దాన్ని రాసి ఉండేవారు. ఎదురు చెప్పి ఎరగనని మాత్రమే రాశారు. ఎదురు చెప్పవలసిన అవసరం ఆయన మీకు రానివ్వలేదేమో ఆలోచించండి.

ఇక చేయవలసిన పని. "వాడు ఒప్పుకునేలా ఎలా చెప్పాలి" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. ఒప్పుకోవలసినవారు మీరు. మీరు పైకి వెళ్ళి, తలుపు తట్టి, అన్న మాట తప్పని చెప్పండి. ఆటగాడి గురించి అన్నది తప్పని కాకుండా, అది తన గురించి అన్నానని, అలా అనకూడదని చెప్పండి. "కాని", "అయితే" అన్న మాటలు ఆ పూట వద్దు. ఆ రోజు ఇంట్లో ఉన్న మిత్రులకు కూడా మీరే చెప్పాలి. మాట పదిమందిలో అన్నప్పుడు క్షమాపణ చాటుగా చెబితే చెల్లదు.

ఆ తర్వాత, వెంటనే కాకుండా ఒకటి రెండు వారాలు ఆగి, చదువు సంగతి నేరుగా అడగండి. తండ్రిగా అడిగే హక్కు మీకు ఉంది, ఫీజు కట్టే మనిషిగా తెలుసుకోవలసిన అవసరమూ ఉంది. ఇంజనీరింగ్ ఎందుకు భరించలేకపోయాడో, ఇప్పుడు ఏ పాఠాలు ఇష్టంగా చదువుతున్నాడో, మళ్ళీ నాలుగేళ్ళ కాలేజీకి మారే ఉద్దేశం ఉందో లేదో అడగండి. మీ రాష్ట్రంలో మిషిగన్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ అనే ఏర్పాటు ఉంది. కమ్యూనిటీ కాలేజీలో కనీసం 30 క్రెడిట్ల మేరకు నిర్దేశించిన పాఠాలు పూర్తి చేసినవారి చదువును ఆ ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు లెక్కలోకి తీసుకుంటాయి. ఆ వివరాలు అతనికి ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. మీరు తెలుసుకుని వెళ్ళండి. రెడ్ వింగ్స్‌లో కూడా డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాళ్ళను చూసుకోవడానికి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. వారు ఆట చూసి, ఫలానా చోట పాదం నెమ్మదిగా కదులుతోందనో, ఫలానా పాస్ ముందుగా ఇవ్వాలనో ఒక పని చెప్పి, కుర్రాణ్ణి సాధన చేసుకోనిచ్చి మళ్ళీ వస్తారు. రోజూ సాయంత్రం ఎంతవరకు వచ్చిందని అడగరు. మీరూ అడగకండి.

అమ్మాయి ఎదుట అబ్బాయి గురించి, అబ్బాయి ఎదుట అమ్మాయి గురించి మాట్లాడటం ఈ రోజు నుంచే మానుకోండి. ఇది ఆ అమ్మాయికీ మేలు. మొదటి రౌండులో ఉన్నవారికి ఒక్క ఏడాది కూడా తడబడే అనుమతి ఉండదు. మెడిసిన్ చదివే పిల్లకు ఆ భయం ఎంత ఉంటుందో అమ్మాయిని అడిగి చూడండి.

మీ అబ్బాయి చేస్తున్న ఒక్క పని మాత్రం నాకు నచ్చలేదు. తండ్రి మీద అలిగి, అమ్మ చేత మెట్లెక్కించి అన్నం తెప్పించుకోవడం ఇరవై ఏళ్ళ మనిషికి తగదు. ఆవిడ ఏ పక్షమూ తీసుకోలేక రోజూ రెండు పూటలా ఆ కంచం మోస్తున్నారు. ఈ మాట అతనికి చెప్పవలసింది మీరు కాదు, మీకు ఇప్పుడు ఆ చనువు లేదు. ఆవిడే చెప్పాలి. కంచం వంటింటి బల్ల మీదే పెడతానని, ఆకలేస్తే దిగి రమ్మని చెప్పమనండి. అతను దిగి వచ్చిన పూట మీరు టీవీ పెట్టకండి.

చివరగా, ఈ జవాబును మీ అబ్బాయి ఫోనుకు పంపించకండి, కాగితం మీద రాసి తలుపు కింద నుంచి తోయకండి, వాళ్ళమ్మ చేత చదివించకండి. ఇందులో అతనికి చెప్పవలసినవి ఏమైనా ఉంటే మీ నోటితో, మీ మాటల్లో చెప్పండి.