బొమ్మ బాగుంది సరే, ఆట ఏమిటో తెలుస్తోందా?

ప్రశ్న: నేను, నా స్నేహితులిద్దరూ కలిసి కడియం నర్సరీల నేపథ్యంలో ఒక చిన్న సిమ్యులేషన్ గేమ్ (ఒక పనిని నిజంగా చేస్తున్నట్టే ఆడే ఆట) తయారు చేస్తున్నాం. మట్టి కలపడం, సంచుల్లో నింపడం, అంటు కట్టడం, నీళ్ళు పోయడం, వచ్చినవారికి మొక్కలు అమ్మడం, ఇంతే ఆట. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టడానికి ఒక చిత్రకారిణి మూడు ముఖచిత్రాల నమూనాలు గీసి ఇచ్చారు. మొదటిదానిలో సాయంకాలపు వెలుగులో గోదావరి వైపు చూస్తూ నిలబడ్డ అమ్మాయి ఉంది, ఆటపేరు సన్నని అక్షరాల్లో ఉంది. రెండవదానిలో నర్సరీ మొత్తం, కొనుగోలుదారులు, ట్రాలీ, కుక్కపిల్ల, ఒక మూల తగ్గింపు ధర రిబ్బను ఉన్నాయి. మూడవదానిలో మామిడి మొక్కకు అంటు కడుతున్న రెండు చేతులు దగ్గరగా కనిపిస్తాయి. మా ముగ్గురికీ మొదటిది నచ్చింది, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎక్కువమంది రెండవదానికి ఓటు వేశారు. దేన్ని ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పంపిన పరిమాణంలో చూస్తే మొదటి నమూనాయే అన్నిటికన్నా అందంగా ఉంది, అందులో సందేహం లేదు. అయితే మీ ఆటను కొనబోయే మనిషి దాన్ని మొదట ఆ పరిమాణంలో చూడడు. స్టీమ్ మిమ్మల్ని శీర్షిక చిత్రాన్ని 920×430 పిక్సెళ్ళలోనూ, చిన్న చిత్రాన్ని 462×174 పిక్సెళ్ళలోనూ ఇమ్మని అడుగుతుంది. ఆ చిన్న చిత్రాన్నే మరింత కుదించి 184×69గా, 120×45గా కూడా జాబితాల్లో చూపిస్తుంది. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని మూడు నమూనాలనూ 120×45కు కుదించి, మామూలు దూరంలో కూర్చుని చూడడం. అలా చూస్తే మొదటి నమూనాలో అమ్మాయి ఒక చుక్కగా, గోదావరి ఒక నారింజరంగు గీతగా మిగులుతాయి, ఆటపేరు ఆనవాలు కూడా కనిపించదు. రెండవదానిలో ఆకుపచ్చ మీద ఆకుపచ్చ కలిసిపోయి ఏ వస్తువూ విడిగా నిలవదు. మూడవదానిలో చేతులు చేతులుగానే, మొక్క మొక్కగానే ఉన్నాయి.

పరిమాణం తర్వాత చూడవలసింది ఇరుగుపొరుగు. ముఖచిత్రం ఒంటరిగా ఎప్పుడూ కనిపించదు, పైనా కిందా అదే జాతికి చెందిన ఆటలు వరుసగా ఉంటాయి. స్టీమ్‌లో వ్యవసాయం, సిమ్యులేషన్ ట్యాగులతో వెతికి, వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి, అందులోని ఒక ఆట బొమ్మ స్థానంలో మీ నమూనాను అతికించి చూడండి. ఈ జాతి ఆటల్లో గులాబీరంగు సాయంకాలాలకూ, పచ్చని పొలాల వైపు తిరిగి నిలబడ్డ మనుషులకూ కొదవ లేదు కాబట్టి మీ మొదటి నమూనా ఆ గుంపులో కలిసిపోయే ప్రమాదం ఎక్కువ. స్టీమ్ పేజీ నేపథ్యం ముదురు నీలం కనుక అంచులు చీకటిగా ఉన్న బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. నర్సరీ ఆటకు పచ్చదనం తప్పదు కాబట్టి బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడడం మీకు మరీ అవసరం. రంగు తీసేసిన తర్వాత కూడా అక్షరాలు నేపథ్యం నుంచి విడిగా తేలితేనే ఆ రంగుల ఎంపిక నిలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. కథా ప్రధానమైన ఆటకు ముఖచిత్రం ఒక మనిషిని పరిచయం చేస్తే చాలు, కాని సిమ్యులేషన్ ఆట కొనేవాడు ఒక పనిని కొంటున్నాడు. ఆ పని ఏమిటో, దానిలో ఏ సంతృప్తి ఉందో అతనికి ఒక్క చూపులో అందాలి. బ్రిటన్‌కు చెందిన ఫ్యూచర్‌ల్యాబ్ సంస్థ తయారుచేసిన ‘పవర్‌వాష్ సిమ్యులేటర్’ పూర్తి రూపంలో 2022లో వచ్చింది. ధారగా నీళ్ళు చిమ్మి మురికి కడగడమే ఆ ఆట, ఆ సంగతి పేరులోనే ఉంది కాబట్టి బొమ్మ మీద భారం సగం తగ్గింది. మీరు పెట్టుకున్న ‘కడియం’ అన్న పేరు తెలుగువారికి మొక్కలను వెంటనే గుర్తుచేస్తుంది. పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న ఆటగాడికి మాత్రం అది ఒక శబ్దం మాత్రమే. పేరు మార్చుకోమని నేను అనను, నిజానికి ఆ ఊరిపేరు ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే పేరు చెప్పలేని సంగతినంతా బొమ్మే చెప్పాలి. ఆ లెక్కన పని కనిపిస్తున్నది మూడవ నమూనాలో మాత్రమే.

దానిలోనూ ఒక లోపం ఉంది. చేతులనూ అంటు పట్టీనీ మరీ దగ్గరగా చూపడం వల్ల, అంటు కట్టడం తెలియనివారికి అది గాయానికి కట్టుకడుతున్న దృశ్యంలా తోచవచ్చు. చిత్రకారిణిని చూపు కొంచెం వెనక్కి జరపమని అడగండి. చేతుల వెనక ఒకే ఒక వరుస కనిపించాలి: ఎడమవైపు మట్టి నింపిన నల్ల సంచులు, కుడివైపు చిగురు తొడిగిన మొక్కలు. ఖాళీగా ఉన్నది నిండడం, చెదిరి ఉన్నది కుదురుకోవడం, చిన్నది పెరగడం చూసే ఆనందం కోసమే ఈ ఆటలు ఆడతారు. ఆ మార్పు మొత్తం ఆ ఒక్క వరుసలో ఉంటుంది. మొదటిదానిలోని సాయంకాలాన్ని, రెండవదానిలోని కుక్కపిల్లను కూడా దీనిలోకి తెచ్చి అందరినీ సంతృప్తిపరచాలని మాత్రం చూడకండి, అలా చేస్తే మళ్ళీ రెండవ నమూనాయే తయారవుతుంది.

రిబ్బను విషయంలో మీకు ఎంపికే లేదు. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ ఈ చిత్రాల మీద ఆటపేరు, ఉపశీర్షిక తప్ప తగ్గింపుల ప్రకటనలను, సమీక్షల మెచ్చుకోళ్ళను, అవార్డుల చిహ్నాలను అనుమతించడం లేదు.

బంధువుల ఓట్లను గురించి కూడా చెప్పాలి. వారు మీ మీద ప్రేమతో ఓటు వేశారు, పైగా ఆ నర్సరీలు వారికి ముందే తెలుసు కాబట్టి బొమ్మలో లేనిది కూడా వారికి కనిపించింది. మీ ఆట సంగతి ఏమాత్రం తెలియని, ఇటువంటి ఆటలు ఆడే అలవాటున్న కొద్దిమందికి బొమ్మను రెండు మూడు క్షణాలు చూపించి తీసేయండి. “బాగుందా?” అని అడగవద్దు, మర్యాదకోసమైనా బాగుందనే అంటారు. “ఈ ఆటలో మీరు ఏం చేస్తారనుకుంటున్నారు?” అని అడిగి, వారు చెప్పిన మాటలను అలాగే రాసుకోండి. “మొక్కలు పెంచి అమ్ముతాను” అనే అర్థం వచ్చే జవాబులు ఏ నమూనాకు ఎక్కువ వచ్చాయో చూస్తే చర్చ చాలావరకు తీరిపోతుంది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లను బట్టి చూస్తే ఆటలో గోదావరి ఎక్కడా లేదు, మనుషులు కూడా పలకలు పలకలుగా ఉండే సాదా త్రీడీ బొమ్మలు. మొదటి నమూనా నూనెరంగుల చిత్రంలా ఉంది. దాన్ని చూసి నది ఒడ్డున తిరగవచ్చనుకుని వచ్చినవాడు స్క్రీన్‌షాట్ల దగ్గరే వెనుదిరుగుతాడు, లేదా కొన్న తర్వాత నిరాశపడతాడు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్‌లో డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ నష్టంకన్నా, మోసపోయానని అతను రాసే సమీక్ష మీ ముగ్గురినీ ఎక్కువ బాధపెడుతుంది.

చివరగా, చిత్రకారిణి దగ్గర బొమ్మను పొరలుగా, ఆటపేరు విడిగా తీసుకోండి. స్టీమ్‌కు నిలువు చిత్రం 748×896, లైబ్రరీ (కొన్నవారి ఆటల జాబితా) చిత్రం 600×900 కొలతల్లో కావాలి కాబట్టి అడ్డబొమ్మను కత్తిరిస్తే చేతులో మొక్కో తెగిపోతుంది. ఒక్కొక్క ఆకారానికి విడిగా అమర్చడం ఆమెకు అదనపు శ్రమ, దానికి విడిగా రుసుము చెల్లించడం న్యాయం.

ప్రశ్న: మేము తయారుచేస్తున్న టిఫిన్ సెంటర్ ఆటను ఫోన్లలో విడుదల చేయాలనుకుంటున్నాం. ముఖచిత్రాన్నే కుదించి ఐకాన్‌గా పెట్టవచ్చా? పేరు తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కుదించవద్దు. గూగుల్ ప్లే ఐకాన్‌ను 512×512 పిక్సెళ్ళలో, ఆపిల్ 1024×1024లో అడుగుతాయి, కాని ఫోన్ తెరమీద అది వేలిగోరంత ఉంటుంది. పెనం మీద తిరగేస్తున్న ఒక్క దోశ చాలు, హోటలంతా అక్కర్లేదు. మూలలను స్టోరే గుండ్రంగా కత్తిరిస్తుంది కాబట్టి చుట్టూ చట్రం గీయించకండి. పేరు ఐకాన్ పక్కనే అచ్చవుతుంది కనుక లోపల రాయనవసరం లేదు. ఉచితమనో, అన్నిటికన్నా మేటి అనో ఐకాన్ మీద రాయడాన్ని గూగుల్ ప్లే నిబంధనలు ఒప్పుకోవు. పేరు కనిపించవలసిన చోటు గూగుల్ ప్లే అడిగే 1024×500 కొలతగల అడ్డచిత్రం. తెలుగు భాషకు విడిగా స్టోర్ పేజీ పెట్టుకునే వీలు గూగుల్ ప్లేలో ఉంది కాబట్టి, ఫోన్‌ను తెలుగులో వాడేవారికి తెలుగు అక్షరాలతో, మిగిలినవారికి ఇంగ్లీషు అక్షరాలతో రెండు చిత్రాలు చేయించండి. రెండు ఐకాన్ల మధ్య తేల్చుకోలేకపోతే, వచ్చినవారిలో కొందరికి ఒకటి, కొందరికి మరొకటి చూపించి పోల్చే ఏర్పాటు గూగుల్ ప్లే కన్సోల్‌లోనే (తయారీదారులు తమ ఆటను నిర్వహించుకునే చోట) ఉంది. ఆ పరీక్షలో ఐకాన్ తప్ప మరేదీ మార్చకండి, అప్పుడే తేడా దేనివల్ల వచ్చిందో మీకు తెలుస్తుంది.