చందాల డబ్బు జోలికి పోకు

చిరంజీవి సరళకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సినిమా మాసపత్రిక పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం ఒక పక్క, మనింట్లో ఇంకొకరికి అచ్చు పిచ్చి పట్టిందన్న సంతోషం ఒక పక్క.

పేరు రిజిస్టర్ చేయించు. కాగితం రేటు ముగ్గురిని అడుగు. ప్రూఫులు రెండుసార్లు చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. విజయవాడ గాంధీనగర్‌లో, సినిమా పంపిణీ ఆఫీసుల మధ్య, నేనూ ఒక పత్రిక నడిపాను. విజయచిత్ర చదివి పెరిగినవాణ్ణి కదా. మొదట్లో మూడు వేల కాపీలు పోయేవి. నడి పేజీలోని రంగుల బొమ్మను పిన్నులు ఊడదీసి గోడకు అంటించుకునేవారు. తర్వాత టీవీ ఛానళ్లు, వాటి వెనకే వెబ్‌సైట్లు వచ్చాయి. మేం నెలాఖరుకు వేసే స్టిల్స్ జనం ముందే చూసేసేవారు. ఏజెంట్ల నుంచి కట్టలు విప్పకుండానే వాపసు వచ్చేవి.

అప్పుడు చేశాను ఆ తప్పు. రెండేళ్ల చందా కడితే మూడో ఏడు ఉచితమని ప్రకటన వేశాను. పత్రిక నిలబడదని లోపల తెలుస్తూనే ఉంది. మనియార్డర్లు వచ్చాయి. ఆ డబ్బుతో ప్రెస్సు బాకీ తీర్చాను. నాలుగు సంచికలయ్యాక ఆగిపోయింది. పలాస దగ్గర ఒక పల్లె నుంచి దర్జీ ఒకాయన కార్డు రాశాడు: ఈ నెల పుస్తకం అందలేదు, పోస్టులో పోయిందేమో, ఇంకొకటి పంపండి అని. అనుమానం పోస్టుమ్యాన్ మీదే, నా మీద కాదు. మూడు నెలలు మూడు కార్డులు. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. అయిదేళ్ల తర్వాత డబ్బు పంపితే, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. ఆ కార్డులు నా బీరువాలోనే ఉన్నాయి తల్లీ.

1947లో పుట్టిన చందమామే ఆగిపోయింది. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర 2021లో ఆగాయి. వాటి వెనక పెద్ద సంస్థ ఉంది. నీ వెనక నీ పీఎఫ్ డబ్బు తప్ప ఏముంది? ఇంత చదువుకుని ఆ లెక్క వెయ్యలేదా? కోపంతో అనడం లేదు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని హీరోల పేర్లు కూడబలుక్కుని చదివినదానివి, నువ్వు దెబ్బ తింటే చూడలేను.

చందాలకు వేరే ఖాతా తెరువు. సంచిక పోస్టు చేశాకే ఆ నెల వాటా తీసుకో. వార్తల జోలికి పోకు, అవి ఫోన్లో సాయంత్రానికే వస్తాయి. మేకప్ మ్యాన్లను, పోస్టర్లు గీసిన పెయింటర్లను, హాళ్లలో సినిమా ఆడించిన పాత ఆపరేటర్లను కలిసి మాట్లాడు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లయిపోయారు, ఈ నెలలోనే మొదలుపెట్టు. వేళకు అన్నం తిను.

మొదటి సంచికకు మాత్రమే డబ్బు పంపుతున్నాను. అది చేతికందాక రెండోదానికి పంపుతాను.

నీ మామయ్య